తోట కాపలాకు రాజపాళయం కుక్క: కొనుటకు ముందు ఒక మాట

"రాజపాళయం పిల్ల ఎక్కడ దొరుకుతుంది, ఎంత ధర పలుకుతుంది?" అని నన్ను అడుగువారు ఈ మధ్య ఎక్కువైనారు. బోరుబావి మోటారు నుండి రాగి తీగ పోగొట్టుకొన్న రైతు అడుగును. మామిడి కాయ కోతకు వచ్చిన దినములలో రాత్రులు నిద్ర లేని రైతు అడుగును. వారికి నేను ఇచ్చు జవాబు మరియొక ప్రశ్నయే. ఉదయము ఒక గంట, సాయంకాలము ఒక గంట ఆ కుక్కతో నడచువారు మీ ఇంట ఎవరు? దీనికి జవాబు లేనివారు ఆ జాతి కుక్కను కొనరాదని నా అభిప్రాయము. ఈ మాటకు కొందరికి కోపము వచ్చినది. "కుక్క వెంట మేము తిరగడమేమిటి? తోటలో కట్టేస్తే అదే మొరుగుతుంది" అన్నారు. చిక్కంతయు ఆ కట్టివేయుటలోనే ఉన్నది. నేనును కట్టివేసి చెడినవాడనే.

ఈ కుక్కకు తమిళనాడులో విరుదునగరం జిల్లాలోని రాజపాళయం ఊరి పేరు వచ్చినది. ఆ ఊరిలో తరతరములుగా స్థిరపడిన రాజుల కుటుంబములవారు నేటికిని ఇంటిలో తెలుగు మాటలాడుదురు. కాబట్టి ఈ కుక్క మనకు మరీ పరాయిది కాదు. పాలవంటి తెలుపు, గులాబి రంగు ముక్కు, లోతైన రొమ్ము, సన్నని నడుము దీని గుర్తులు. మగది భుజము వద్ద 65 నుండి 75 సెంటీమీటర్ల ఎత్తు పెరుగును. భారత తపాలా శాఖ 2005లో మన దేశపు కుక్కలపై వేసిన నాలుగు బిళ్ళలలో ఇదియు ఒకటి. కర్నాల్‌లోని జాతీయ జంతు జన్యు వనరుల సంస్థ దీనిని దేశవాళీ జాతిగా నమోదు చేసినది.

పూర్వము దీనిని అడవిపందుల వేటకు పెంచినారు. దాని స్వభావమంతయు అందులోనే ఉన్నది. ఇది వాసన కంటె చూపు మీద ఎక్కువగా ఆధారపడు వేటకుక్క. దూరమున ఏది కదలినను కన్ను అటు పోవును. కన్ను పోయిన చోటికి కాలు పోవును. అటువంటి జంతువును నాలుగు మూరల గొలుసుతో చెట్టు మొదటికి కట్టి, పగలంతయు కదలువారిని చూచుచు ఉండుమన్నచో ఏమి జరుగునో ఆలోచింపుడు. పోయినవారినెల్ల చూచును, ఎవరి దగ్గరకును పోలేదు. ఆరు నెలలలో దానికి మనుష్యులందరును శత్రువులగుదురు.

పదేండ్ల క్రిందట నేను చేసినది ఇదే. పగలు కట్టి, రాత్రి విడుచుట నా ఏర్పాటు. ఏడాది నిండునప్పటికి కుక్క నా నడుము దాటి పెరిగినది. గొలుసు లాగి లాగి మెడ చుట్టును పుండు పడినది. నేను దగ్గరకు పోయినను ఎగిరి మీద పడుచుండెను. అది రోషమని, మంచి కాపలా లక్షణమని నలుగురితో గొప్పగా చెప్పుకొన్నాను. వైశాఖములో ఒక మధ్యాహ్నము గొలుసు కొక్కెము ఊడినది. మా కాపలావాని కూతురు, ఎనిమిదేండ్ల పిల్ల, తండ్రికి అన్నము క్యారియరు తీసికొని గట్టు మీద వచ్చుచున్నది. కుక్కను చూచి పరుగెత్తినది. పరుగెత్తుదానిని తరుముటకే కదా ఆ జాతి పుట్టినది! పిక్క పట్టుకొన్నది.

పిల్ల తల్లి కారము, సున్నము తెచ్చినది. వలదని, మోటారు నీటి ధార క్రింద పదిహేను నిమిషములు సబ్బుతో కడిగి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయినాము. గాయము లోతైనందున గాయములోనే వేయు మందును, తరువాత వరుసగా సూదులును వేసినారు. కుక్క పది దినములు బాగుగానే ఉన్నది. పిల్లకు ఏమియు కాలేదు. అయితే ఆ పది దినములు మా ఇంటిలో ఎవరికిని అన్నము సహింపలేదు. కుక్కకు అంతకు ముందు ఏడు నేను టీకా వేయించలేదు. ఆ సంగతి పిల్ల తండ్రికి చెప్పవలసి వచ్చినది. అతడు ఏమియు అనలేదు.

ఊరిలో పెద్ద ఒకరు వచ్చి, "ఆ కుక్కను కొట్టి పూడ్చిపెట్టు నాయనా" అన్నారు.

"తప్పు దానిది కాదు పెద్దయ్యా, నాది" అన్నాను.

ఊరకే అన్న మాట కాదు. జంతు హింసా నివారణ చట్టము 1960లో వచ్చినది. పొట్టి గొలుసుతో గాని, బరువైన గొలుసుతో గాని జంతువును తగని కాలము కట్టి ఉంచుట ఆ చట్టము క్రింద నేరము. ఎప్పుడును కట్టి ఉంచు కుక్కకు తగినంత వ్యాయామము ఇవ్వకుండుటయు నేరమేనని అందులో వేరుగా వ్రాసి ఉన్నది. కుక్క కోసమే వ్రాసిన ఆ మాట మనలో ఎందరికి తెలియును?

ఆ తరువాత తెచ్చిన ఆడపిల్లను వేరు రీతిగా పెంచినాను. ఎనిమిది వారములు తల్లి దగ్గర ఉన్న పిల్లనే తీసికొన్నాను. రెండవ నెల నుండి నాలుగవ నెల వరకు చూపినవాటికి కుక్క జీవితమంతయు బెదరదు. అప్పుడు చూడనివి తరువాత దానికి శత్రువులు. అందుచేత ఆ రెండు నెలలు పిల్లను ఒడిలో పెట్టుకొని కోళ్ళ నడుమ కూర్చొన్నాను. మేకలు, దూడలు, సైకిలు, గొడుగు, తలగుడ్డ చుట్టిన కూలీలు, బడి విడిచి అరచుచు వచ్చు పిల్లలు, అన్నియు చూపినాను. చూచి నవ్వినవారు లేకపోలేదు.

పిలిచిన వెంటనే వచ్చుట దీనికి నేర్పవలసిన మొదటి విద్య. ముప్పది అడుగుల తాడు కట్టి, దూరముగా పోనిచ్చి, "రా" అని ఒక్కసారి పిలువవలెను. వచ్చినచో ఉడికించిన గ్రుడ్డు ముక్క పెట్టి మెడ నిమురవలెను. రానిచో తాడు మెల్లగా దగ్గరకు తీయవలెను. ఇంటిలో అందరును ఒకే మాట వాడవలెను. ఒకరు "రా" అని, ఒకరు "ఇటు" అని, ఒకరు ఈల వేసినచో పిల్లకు ఏమి తెలియును? మనవారు తరచుగా చేయు తప్పు మరొకటి ఉన్నది. కోడిని పట్టిన కుక్కను పిలిచి, వచ్చిన తరువాత కొట్టుదురు. కోడిని పట్టినందుకు కొట్టినారని దానికి తెలియదు. పిలిచినప్పుడు వచ్చినందుకు కొట్టినారని తెలియును. మరునాడు పిలిచిన రాదు. నడకలో లాగినచో మనము నిలిచిపోవలెను, తాడు వదులైన తరువాతనే కదలవలెను. మొదటి వారము గట్టు చివరకు పోవుటకు నాకు అరగంట పట్టినది. మూడవ వారమునకు పిల్లకు సంగతి తెలిసినది.

వ్యాయామము సూర్యోదయమునకు ముందు, ప్రొద్దు క్రుంకిన తరువాత. పొట్టి తెల్లని వెండ్రుకల క్రింద చర్మము పలుచన. మన ఎండలకు కందిపోవును. ఏడాది నిండు వరకు దూరపు పరుగులు వలదు, ఎముకలు ముదురవలెను. ప్రతి దినము ఒకే గట్టు వెంట తోట చుట్టును నడిపించినచో తన హద్దు ఏదో కుక్కకు తెలియును, కాపలా పని అందులోనే సగము నేర్చుకొనును. పరుగెత్తి వచ్చిన వెంటనే తిండి పెట్టరాదు, తిన్న వెంటనే పరుగెత్తించరాదు. లోతైన రొమ్ముగల కుక్కలలో కడుపు ఉబ్బి మెలిపడి గంటలలో చచ్చునవి కలవు. ఒక గంట ఎడము ఉంచి, దినమునకు రెండు పూటలుగా పెట్టుట మంచిది.

తిండికి రాగి సంగటి గాని, అన్నము గాని, దానిలో ఉడికించిన గ్రుడ్డు, మాంసము చాలును. మాంసము కొట్టువాడు ఊరకే ఇచ్చు పచ్చి పేగులు, కార్జము మాత్రము వేయకుడు. గొర్రెలు, మేకల లోపలి అవయవములలోని నీటి తిత్తులు తిన్న కుక్క కడుపులో బద్దెపురుగు పెరుగును. దాని గ్రుడ్లు పేడతో బయటపడి గొర్రెలకును, మన పిల్లలకును చేరి కార్జములో తిత్తులు కట్టును. నట్టల మందు, గోమార్ల మందు పశువైద్యుని అడిగి వాడవలెను.

కట్టక తప్పని వేళలు ఉండును. అప్పుడు రెండు చెట్ల నడుమ తీగ లాగి, దాని మీద జారు ఉంగరమునకు గొలుసు తగిలించినచో కుక్క ఆ చివర నుండి ఈ చివరకు నడచును. నీడ, నీటి తొట్టి అందుబాటులో ఉండవలెను. ఇంతకంటె మంచిది కంచె వేసిన తోట, గట్టి గేటు.

గ్రామ అధికారులకు రెండు మాటలు. కుక్కకు మూడు నెలల వయస్సులో మొదటి పిచ్చికుక్క టీకాయు, తరువాత పశువైద్యుడు చెప్పినట్లు మరల మరల టీకాయు పడవలెను. ఏటేట సెప్టెంబరు 28, రేబీస్ దినమున టీకా వేయునప్పుడు తోటలలో కట్టిన కుక్కలు లెక్కకు రావు. ఊరిలోనివి వచ్చును, పొలములలోనివి మిగిలిపోవును. తలారిని పంపియైనను వాటిని రప్పించవలెను. రెండవది, వేరుసెనగ పొలములలో పందుల బాధ నిజమే గాని, ఈ కుక్కలను ఉసికొల్పి వేటాడుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. "మా కుక్క నిన్న పందిని పట్టినది" అని ఫోటో తీసి పంచుకొనుచున్న యువకులకు ఈ సంగతి ఎవరైనను చెప్పవలెను.

అందరికిని ఈ కుక్క కావలెనా? వలదని నా అభిప్రాయము. రెండు ఎకరముల రైతుకు ఊరకుక్క చాలును. పిల్లగా ఉన్నప్పుడు చేరదీసి టీకా వేయించినచో అదియు చక్కగా మొరుగును. దొంగకు కావలసినది ఎవరును మేలుకొనకపోవుట. మేలుకొలుపుటకు జాతి అక్కరలేదు.

పోయిన కార్తికములో మా ఆడకుక్క ఆరు పిల్లలను పెట్టినది. అన్నిటికంటె తెల్లనిది, నీలి కన్నులది ఒకటి. వచ్చినవారందరు మొదట దానినే అడిగినారు. ఆరును నిద్రించుచుండగా వెనుక నుండి పళ్ళెము మీద గరిటెతో కొట్టినాను. ఐదు లేచినవి, అది లేవలేదు. మరల రెండు దినములు అట్లే చేసి చూచినాను. మచ్చ లేని తెలుపు కోసము ఏరి ఏరి పెంచుటవలన ఈ జాతిలో చెవుడు వచ్చుచున్నది. చెవిటి కుక్క కాపలాకు పనికిరాదు. వెనుక నుండి ముట్టినచో బెదరి కరచును. దానిని ఎవరికిని ఇవ్వక ఇంటిలోనే ఉంచి, చేతి సైగలతో నేర్పుచున్నాను.

మిగిలిన ఐదింటికి నలుగురు వచ్చినారు. తెల్లవారుజామున ఐదు గంటలకు వచ్చి వారము దినములు నాతో గట్టు మీద నడువుమన్నాను. ఒక్కడు వచ్చినాడు, పాలు పోయు కుర్రవాడు. అతనికి రెండు పిల్లలు కావలెనన్నాడు. ఒకటే ఇచ్చినాను.