హాజరు నిబంధనలో శుక్రవారానికీ చోటుండాలి

కొవిడ్ కాలంలో సడలిన ప్రభుత్వ కార్యాలయాల హాజరు మళ్ళీ బిగిసింది. 2020లో మూడోవంతు సిబ్బందితో నడిచిన కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు 2022 ఫిబ్రవరి 7 నుండి పూర్తి హాజరుకు మారాయి. 2024 జూన్‌లో కేంద్ర సిబ్బంది శాఖ ఆధార్ ఆధారిత హాజరును ఖచ్చితంగా పాటించాలని, ఆలస్యానికి అర్ధదినపు సెలవు కోత విధించాలని మరోసారి ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 జనవరి నుండి, తెలంగాణ సచివాలయంలో 2024 డిసెంబరు నుండి ముఖ గుర్తింపు హాజరు మొదలైంది. ఉద్యోగి వచ్చిన నిమిషం, వెళ్ళిన నిమిషం ఇప్పుడు యంత్రంలో నమోదవుతున్నాయి.

ఇది ఉద్యోగులను వేధించడానికే అని కొందరు మిత్రులు అంటున్నారు. దశాబ్దాలపాటు ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాలుగా పనిచేసి, ఇప్పుడు పేదల దరఖాస్తులు పట్టుకొని అవే కార్యాలయాల చుట్టూ తిరుగుతున్న మేము ఆ మాటను అంగీకరించలేము. షాదీ ముబారక్ సంగతే చూడండి. 2014లో ప్రారంభమైన ఈ పథకం కింద నేడు ఒక పేద వధువుకు 1,00,116 రూపాయలు అందుతాయి. ఆ దరఖాస్తు తహసీల్దారు కార్యాలయం దాటి ముందుకు కదలాలి. ఆటో నడిపే తండ్రి, ఇంట్లో కుట్టుమిషను మీద బ్రతికే తల్లి ఒక రోజు సంపాదన వదులుకొని వస్తే, ‘సారు సీట్లో లేరు, రేపు రండి’ అనే జవాబు ఎంత ఖరీదైనదో వారికే తెలుసు. కార్యాలయం మీద ఎక్కువగా ఆధారపడేది పేదలే, ఆ పేదలలో మనవారు తక్కువేమీ కాదు. ప్రజల సొమ్ముతో జీతం తీసుకునే వాని సమయం ప్రజల అమానతు. దానిని కాపాడే నిబంధనను మనం వ్యతిరేకించకూడదు.

అయితే ఈ నిబంధన అమలవుతున్న తీరులో ఒక లోపం ఉంది.

మేము ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనూ హాజరు కఠినంగానే ఉండేది. పదిన్నరకు కార్యాలయం, పది నిమిషాల వెసులుబాటు. ఆ తరువాత సూపరింటెండెంటు గారు హాజరు రిజిస్టరును అధికారి బల్ల మీదికి పంపేవారు. ఆలస్యమైన వారి పేరు ఎదుట ఎర్రసిరా గుర్తు పడేది. మూడు ఆలస్యాలకు ఒక క్యాజువల్ లీవు పోయేది. కాని ఆ రిజిస్టరు ఒక మనిషి చేతిలో ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం మేము నమాజుకు వెళ్ళి వచ్చే వరకు పక్క సీటు వారు మా ఫైళ్ళు చూసేవారు. అయ్యప్ప దీక్షలో ఉన్న సహోద్యోగులు శబరిమలకు వెళ్ళినప్పుడు, సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళినప్పుడు వారి పని మేము చూసేవాళ్ళం. ఏ జీవోలోనూ లేని ఈ ఏర్పాటు వల్ల ప్రజల పని ఆగలేదు. సాయంత్రం మరికొంతసేపు కూర్చొని మిగిలిన పని ముగించేవాళ్ళం.

యంత్రానికి ఈ నోటిమాట ఏర్పాటు తెలియదు. శుక్రవారం జుమా ఖుత్బా సాధారణంగా ఒంటిగంట ప్రాంతంలో మొదలవుతుంది. మస్జిదు దూరంగా ఉంటే భోజన విరామం చాలదు. మధ్యలో బయటకు వెళ్ళినా నమోదు కావలసిన చోట ఆ ఇరవై ముప్పై నిమిషాలు ‘గైర్హాజరు’గా కనిపిస్తాయి. అధికారి మంచివారైతే సరిదిద్దుతారు, కాకపోతే సంజాయిషీ అడుగుతారు. ఒక ఉద్యోగి ఆరాధన అధికారి స్వభావం మీద ఆధారపడటం ఆ ఉద్యోగికీ మంచిది కాదు, అధికారికీ మంచిది కాదు. పాత పద్ధతిలో మనుషుల మధ్య ఉన్న అవగాహనను కొత్త పద్ధతిలో లిఖితపూర్వక నిబంధనగా మార్చడమే దీనికి పరిష్కారం.

రంజాన్ ఉత్తర్వులు దీనికి కొంత దారి చూపాయి. 2025లో తెలంగాణ ప్రభుత్వం మార్చి 2 నుండి 31 వరకు ముస్లిం ఉద్యోగులు సాయంత్రం నాలుగు గంటలకే వెళ్ళవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందిని కూడా అందులో చేర్చింది. అత్యవసర విధులున్న వారిని మినహాయించింది. ఆంధ్రప్రదేశ్ కూడా ఒక గంట ముందుగా వెళ్ళే వీలు కల్పించింది. దీనిని ‘బుజ్జగింపు’ అని విమర్శించిన వారున్నారు. వారికి మా జవాబు ఒక్కటే. ఉపవాసి మధ్యాహ్న భోజన విరామాన్ని భోజనానికి వాడుకోడు. ఉమ్మడి రాష్ట్రంలోనూ అమలైన ఈ వెసులుబాటు వల్ల ఏ కార్యాలయమూ మూతపడలేదు.

మా ఆందోళన ఉత్తర్వు గురించి కాదు, అది చివరి మనిషికి చేరడం గురించి. కార్యాలయాల్లో మన బిడ్డలు ఎక్కువగా కనిపించేది ఎక్కడ? 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం ఐఏఎస్‌లో ముస్లింలు 3 శాతమే. రైల్వేలో 4.5 శాతం ఉన్నా, దాదాపు అందరూ క్రింది స్థాయి కొలువుల్లోనే. నేడు ఆ క్రింది స్థాయిలో చాలా పని ఏజెన్సీల ద్వారా వచ్చిన డేటా ఎంట్రీ ఆపరేటర్లు, అటెండర్లు, స్వీపర్లు చేస్తున్నారు. రెగ్యులర్ ఉద్యోగికి యంత్రం తప్పు చూపితే ఒక సెలవు పోతుంది. ఔట్‌సోర్సింగ్ కుర్రవానికి ఆ రోజు కూలి పోతుంది. ఉత్తర్వులో తన పేరు ఉన్నా, ఏజెన్సీకి భయపడి నాలుగు గంటలకు లేవలేని వారిని మేము చూశాము. సంఘాలు మాట్లాడేది రెగ్యులర్ ఉద్యోగుల కోసం. ఈ కుర్రవాళ్ళ కోసం మాట్లాడేవారు అరుదు.

పని వేళలను సర్దడం ప్రభుత్వానికి చేతకాని పని కాదు. 2016లో సచివాలయ ఉద్యోగులు హైదరాబాదు నుండి అమరావతికి మారవలసి వచ్చినప్పుడు, కుటుంబాలు ఇక్కడ, కొలువు అక్కడ అయిన వారి ఇబ్బందిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుర్తించింది. వారికి వారానికి ఐదు రోజుల పని ఇచ్చి, రోజువారీ వేళలను పెంచింది. అవసరాన్ని గుర్తించి, ఇచ్చిన సమయానికి బదులు సమయం తీసుకున్న ఆ పద్ధతినే మనం శుక్రవారానికీ కోరుతున్నాము.

మా కోరికలు నాలుగు. ఒకటి, శుక్రవారం మధ్యాహ్నం ఒక గంట వెసులుబాటును హాజరు యాప్‌లోనే ఏర్పరచి, ఆ సమయాన్ని ఉదయం గాని సాయంత్రం గాని పూరించే పద్ధతి పెట్టాలి. రెండు, రంజాన్ ఉత్తర్వు నెల మొదలవక ముందే ఏజెన్సీలకు చేరాలి, వేతన కోత ఉండదని అందులో స్పష్టంగా రాయాలి. మూడు, ముఖం కప్పుకునే ఉద్యోగినులు ముఖ హాజరు వేసుకోవడానికి మహిళా సిబ్బంది ఉన్న ప్రత్యేక స్థలం చూపాలి. నాలుగు, వేలిముద్రలు అరిగిన స్వీపర్లకు, సిగ్నలు లేని చోట పనిచేసే వారికి యంత్రం మొరాయిస్తే రిజిస్టరు సంతకం చెల్లాలి. వీటిలో నాలుగోది ఏ ఒక్క మతం వారిదీ కాదు. దళిత, ఆదివాసీ సోదరులతో, మహిళా ఉద్యోగులతో కలిసి అడగవలసిన కోరిక అది. ఒంటరిగా అడిగితే దయగా కనిపించేది, కలిసి అడిగితే హక్కుగా నిలుస్తుంది.

మన వైపు నుండి కూడా ఒక బాధ్యత ఉంది. జుమా రోజున పని పూర్తిగా మానమని మన ధర్మం చెప్పలేదు. నమాజు ముగిశాక తిరిగి జీవనోపాధికి బయలుదేరమని చెప్పింది. కనుక నమాజు పేరుతో వెళ్ళి బజారులో కాలయాపన చేసే ఒక్కడు, నిజాయితీగా తిరిగి వచ్చే పదిమంది హక్కుకు చేటు తెస్తాడు. నాలుగు గంటల ఉత్తర్వు వాడుకొనేవారు ఆ రోజు తమ బల్ల మీది దరఖాస్తును ముగించే లేవాలి.

వచ్చే రంజానుకు ముందే ఈ మాటలు ప్రభుత్వాలకు చేరాలి. ప్రతి జిల్లాలోని మైనారిటీ ఉద్యోగుల సంఘాలు కలెక్టర్లకు వినతిపత్రాలు ఇవ్వాలని, వాటిపై రెగ్యులర్ ఉద్యోగులతో పాటు ఔట్‌సోర్సింగ్ సిబ్బంది సంతకాలూ ఉండేలా చూడాలని పాఠక సోదరులను, సోదరీమణులను కోరుతున్నాము.