కప్పు కింద చేరిన పావురం ఎవరి బాధ్యత?

పొద్దుతిరుగుడు చేనిపై రామచిలుకలు వాలితే ఏం చేయాలో విస్తరణ శాస్త్రవేత్తలకు తెలుసు. మెరుపు రిబ్బన్లు కట్టించడం, చేను చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న వరుసలను దట్టంగా వేయించడం వంటి పద్ధతులు రైతులకు చేరాయి. రాజేంద్రనగర్‌లో సాగిన వ్యవసాయ పక్షిశాస్త్ర పరిశోధన ఇందుకు ఎంతో తోడ్పడింది. అదే గింజ గోదాముకు చేరిన తరువాత దానిపై వాలే పావురం మాత్రం ఏ విభాగం పరిధిలోకీ రావడం లేదు. నిల్వ ధాన్యం గురించి చెప్పేవారు పురుగులు, ఎలుకల వద్ద ఆగుతారు; కట్టడం గురించి చెప్పేవారు వాన నీటి వద్ద ఆగుతారు.

శ్రీరాంపూర్, గోదావరిఖని బొగ్గు ప్రాంతంలో ఈ లోటు మరింత ముఖ్యమైనది. గోదావరికి ఇరువైపులా వరి సాగు, సుల్తానాబాద్ పరిసరాల్లో రైస్ మిల్లులు, గని కాలనీల చుట్టూ కిరాణా దుకాణాలు, క్యాంటీన్లు, ఎత్తయిన రేకుల షెడ్లు ఉన్నాయి. పావురం సహజంగా కొండచరియల్లో గూడు కట్టే పక్షి. ఇనుప దూలం దానికి మరో కొండచరియ మాత్రమే. తిండి ఒక షెడ్డులో, గూడు మరో షెడ్డులో ఉన్నప్పుడు ఒక్క యజమాని ఒంటరిగా చేసే ప్రయత్నం ఫలించదు.

ఒక పావురం రోజుకు తినేది సుమారు 30 గ్రాములు. వంద పావురాలకు మూడు కిలోలు. మిల్లు యజమాని ఈ లెక్క విని నవ్వి ఊరుకుంటాడు, అది సహజమే. అసలు నష్టం రెట్టలో, ఈకల్లో, పాత గూళ్లలో ఉంది. సంచులపై పడిన రెట్ట ధాన్యాన్ని కలుషితం చేస్తుంది. గూళ్లలో మైట్లు, డెర్మెస్టిడ్ పెంకు పురుగులు స్థిరపడతాయి. అన్నింటికంటే ముఖ్యం హమాలీ ఆరోగ్యం. ఎండిన రెట్టను చీపురుతో ఊడ్చినప్పుడు లేచే దుమ్ములో క్రిప్టోకాకస్, హిస్టోప్లాస్మా వంటి శిలీంధ్రాలు ఉండవచ్చు. ముందు నీరు చల్లి తడపడం, ముక్కుకు సరైన మాస్కు ధరించడం ఖర్చుతో కూడిన పనులు కావు. అయినా ఏ శిక్షణ శిబిరంలోనూ ఈ మాట తగినంతగా వినిపించదు.

మార్కెట్లో అమ్ముడయ్యే అల్ట్రాసానిక్ యంత్రాల విషయంలో మొహమాటం అనవసరం. ఆ ధ్వని 20 కిలోహెర్ట్జ్‌కు పైన ఉంటుంది. పావురం వినగలిగే పరిమితి దానికి ఎంతో దిగువన ఉంది. వినపడని శబ్దానికి పక్షి ఎలా బెదురుతుంది? ప్లాస్టిక్ గుడ్లగూబకు అది కొద్ది రోజుల్లోనే అలవాటు పడుతుంది. గోనె సంచుల మధ్య టపాసులు కాల్చడం ప్రమాదకరం. విషం పెడితే చచ్చిన పక్షి ధాన్యంపైనే పడుతుంది. దాన్ని తిన్న గద్ద కూడా చనిపోవచ్చు.

నమ్మదగిన మార్గం పక్షిని లోపలికి రానీయకపోవడమే. వెంటిలేటర్లకు పావురమైతే 50 మిల్లీమీటర్ల కన్ను గల వల చాలు; పిచ్చుకలకు 20 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. కూర్చునే అంచులను 45 డిగ్రీలకు మించిన వాలుగా మార్చాలి. ఒలికిన గింజను ఏ రోజుకారోజు ఎత్తివేయకపోతే ఏ వలా నిలవదు. మూసే ముందు గూళ్లను తప్పక పరిశీలించాలి. పావురం రెండు గుడ్లు పెడుతుంది. అవి 17 నుంచి 19 రోజుల్లో పొదుగుతాయి. పిల్లలు ఎగరడానికి మరో నెలకు పైగా పడుతుంది. తొందరపడి మూస్తే పిల్లలు లోపలే చచ్చి కుళ్లుతాయి. ఇది క్రూరత్వం, పైగా కొత్త పురుగులకు ఆహ్వానం.

చూరుకు వరికంకుల కుచ్చు కట్టి పిచ్చుకలను పిలిచిన సమాజం ఇది. ఆ ఆచారం ఉండవలసిందే. అయితే గోదాము గుమ్మం ముందు పుణ్యం కోసం జొన్నలు చల్లవద్దని చెప్పడానికి విస్తరణ సిబ్బంది సంకోచించకూడదు.

బెల్లంపల్లి, రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ పనిని చేపట్టడానికి అనువైన చోట ఉన్నాయి. గ్రామీణ అనుభవ కార్యక్రమానికి వచ్చే విద్యార్థులను ఒక వారం మిల్లులు, గోదాముల వద్ద ఉంచి, ఉదయం, సాయంత్రం పక్షులను లెక్కింపజేయవచ్చు. ఏ షెడ్డులో తింటున్నాయో, ఎక్కడ నిద్రిస్తున్నాయో పటం గీయించవచ్చు. వానాకాలం ధాన్యం రాకముందే, ఖాళీ గోదాములో నిచ్చెన వేసి చిరిగిన వలలు బాగుచేయడానికి ఆ పటం సరిపోతుంది.