బొటనవేలు మనదే



మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మన పూర్వ విద్యార్థి అన్న ఒకరు నిరుడు హాస్టల్‌కు ఒక యుకులేలే ఇచ్చి వెళ్లారు. దాన్ని చూసిన ఒక పెద్దమనిషి "ఇవన్నీ ఉన్నోళ్ల సోకులు, మీకెందుకురా?" అన్నారు. ఆ రోజు మేము జవాబు చెప్పలేకపోయాం. ఈ సంచికలో చెబుతున్నాం.

యుకులేలే ఉన్నోళ్ల ఇంట పుట్టలేదు. 1879లో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి హవాయి చెరకు తోటల్లో పనికి వెళ్లిన వాళ్లు తమ చిన్న తీగల వాద్యాన్ని వెంట తీసుకెళ్లారు. వారిలోని వడ్రంగులే దాన్ని యుకులేలేగా మలిచారు. మన కిన్నెర కథా ఇలాంటిదే. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, తీగలతో డక్కలి కళాకారులు తరతరాలుగా వీరగాథలు వినిపించారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. తీగ మీటడం మన పెద్దలకు కొత్త కాదు.

తొందరపడి సినిమా పాటతో మొదలుపెట్టి మేము నెల రోజులు పోగొట్టుకున్నాం. టైపింగ్‌లో ఏ వేలికి ఏ అక్షరమో ఉన్నట్లే, ఇక్కడ ఏ వేలికి ఏ తీగో ఉంటుంది. తీగలు నాలుగే. ముఖం వైపు ఉండేది నాలుగోది, నేల వైపు ఉండేది ఒకటోది. నాలుగు, మూడు తీగలు బొటనవేలికి, రెండోది చూపుడువేలికి, ఒకటోది మధ్యవేలికి. నాలుగో తీగ మూడోదానికంటే హెచ్చు స్థాయిలో పలుకుతుంది, చెడిపోయిందనుకోవద్దు. ఎడమచేతి ఉంగరపు వేలితో ఒకటో తీగను మూడో మెట్టు దగ్గర నొక్కితే 'సి' కార్డ్. కుడిచేత్తో నాలుగు, మూడు, రెండు, ఒకటి అని లెక్కపెడుతూ ఒక్కో తీగనే మీటాలి. లెక్క తప్పితే నెమ్మదించాలి. వేగం దానంతటదే వస్తుంది.

దీంతో ఉద్యోగం వస్తుందా అంటే రాకపోవచ్చు. కానీ పేద పిల్లల చేతికి పాఠ్యపుస్తకం తప్ప మరేదీ అందకూడదనడం న్యాయమా? హైటెక్ సిటీ చుట్టుపక్కల ఎందరో పిల్లలు ఫీజు కట్టి సంగీతం నేర్చుకుంటున్నారు. మేము అడిగేది స్టడీ అవర్‌కు ముందు అరగంట సమయం. గచ్చిబౌలిలో, కొండాపూర్‌లో స్థిరపడిన అన్నలూ అక్కలూ! ఆదివారం ఒక్క గంట వచ్చి నేర్పండి. వీలైతే ఒక కిన్నెర కూడా తెచ్చివ్వండి.

ఏకలవ్యుడి బొటనవేలు గురుదక్షిణగా పోయింది. మన బొటనవేలు మన దగ్గరే ఉంది. దాన్ని నాలుగో తీగ మీద పెట్టి మొదలుపెడదాం.

- హాస్టల్ విద్యార్థులు