మాధ్యమం గొడవలో మరుగునపడ్డ కథల పుస్తకం

ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనూ, తెలంగాణలో 2022లోనూ ప్రభుత్వ పాఠశాలల ఆంగ్ల మాధ్యమంపై సాగిన వాదోపవాదాలు పుటల కొద్దీ అచ్చయ్యాయి గాని, పాఠ్యపుస్తకాన్ని పక్కనపెడితే ఒక విద్యార్థి ఏడాదికి ఎన్ని ఇంగ్లిషు పుస్తకాలు చదువుతున్నాడన్న ప్రశ్నకు వాటిలో చోటు దక్కలేదు. సమర్థించినవారు ఉద్యోగాల గురించి, వ్యతిరేకించినవారు మాతృభాష గురించి మాట్లాడారు. రెండూ విలువైన మాటలే అయినా, పిల్లలకు భాష అబ్బే దారి గురించి ఇరుపక్షాలూ పట్టించుకోలేదు. ఆ దారి కథల పుస్తకాల గుండా పోతుందనీ, ఉన్నత పాఠశాల పిల్లల విషయంలో అవి కౌమార సాహిత్యమే కావాలనీ గ్రహించడానికి కొత్త పరిశోధనలు అక్కర్లేదు. నలభై ఏళ్ల కిందటే తేలిన ఒక ఫలితం వైపు విధానకర్తలు కన్నెత్తి చూస్తే చాలు.

ఆ ఫలితం ఫిజీ దీవులది. 1903 తర్వాత కూలి ఒప్పందాలపై ఓడలెక్కిన తెలుగువారి వారసులు నేటికీ ఉన్న ఆ దేశంలో, పుస్తకాలు బహు తక్కువగా ఉన్న ఎనిమిది గ్రామీణ పాఠశాలలను వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ అనే పరిశోధకులు ఎంచుకుని, నాలుగు, ఐదు తరగతుల్లోని 380 మంది పిల్లలకు ఆసక్తి పుట్టించే 250 ఇంగ్లిషు కథల పుస్తకాలు అందించారు. మరో నాలుగు పాఠశాలల్లో 234 మంది పిల్లలు ఎప్పటిలాగే వాక్యనిర్మాణాలను వరుసగా అభ్యసించే పాఠ్యక్రమంలోనే కొనసాగారు. ఎనిమిది నెలల తర్వాత పరీక్షించినప్పుడు, కథలు చదివిన పిల్లలు చదివి గ్రహించడంలోనూ, విని గ్రహించడంలోనూ మామూలుకు రెట్టింపు వేగంతో ముందుకు సాగినట్లు తేలింది. ఇరవై నెలలు గడిచేసరికి ఆ లాభం మరింత పెరిగి ఇతర భాషా నైపుణ్యాలకూ పాకింది. 1983లో ప్రచురితమైన ఈ అధ్యయనం ‘పుస్తకాల వెల్లువ’గా ప్రసిద్ధి పొందింది. 250 పుస్తకాలు, ఎనిమిది నెలలు, రెట్టింపు వేగం అనే ఈ మూడు అంకెలకు సమాధానం చెప్పకుండా ఇంగ్లిషు బోధన గురించి ఎంత రాసినా అది అసంపూర్ణమే.

మాధ్యమం ఒక్కటే సరిపోతుందన్న నమ్మకం ఎంత బలహీనమైనదో హైదరాబాద్ తూర్పు శివారులోని ఏఎస్ రావు నగర్‌ను చూస్తే తెలుస్తుంది. ప్రభుత్వరంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ స్థాపకుడు అయ్యగారి సాంబశివరావు పేరు పెట్టుకుని, ఆ సంస్థ ఉద్యోగుల నివాసంగా ఎదిగిన ఈ కాలనీలోని మధ్యతరగతి ఇళ్లలో మాధ్యమం గురించిన తర్జనభర్జన ఏనాడో ముగిసింది. అయినా ఈసీఐఎల్ చౌరస్తాలో స్పోకెన్ ఇంగ్లిష్ శిక్షణ కేంద్రాలకు గిరాకీ తగ్గలేదు. పదేళ్లపాటు లెక్కలు, సైన్సు, సాంఘికశాస్త్రం అన్నీ ఇంగ్లిషులోనే విన్న యువకుడు మళ్లీ డబ్బు కట్టి అదే భాష నేర్చుకోవలసి వస్తే, లోపం మాధ్యమంలో లేదని అర్థం. నాచారం దాటి తార్నాకకు వెళ్తే, 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై దేశమంతటి ఇంగ్లిషు ఉపాధ్యాయులను తీర్చిదిద్దిన ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఉంది. అంత చేరువలోనే ఉన్నప్పటికీ ఇక్కడి బడుల కాలపట్టికల్లో విస్తృత పఠనానికి, అంటే మార్కులతో పని లేకుండా తేలికైన పుస్తకాలను ఇష్టంతో, ఎక్కువ సంఖ్యలో చదవడానికి, ఒక పీరియడు దొరకడం అరుదు.

కౌమార సాహిత్యమంటే సుమారు పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వయసువారి కోసం, ఆ వయసు పాత్రల చుట్టూ అల్లిన రచనలు. స్నేహం, అవమానం, తల్లిదండ్రులతో ఘర్షణ, పేదరికం, వివక్ష వంటివి అందులో పెద్దల ఉపదేశంగా కాక పిల్లల అనుభవంగా వస్తాయి. ఈ సాహిత్యానికి మలుపుగా చెప్పే ‘ది అవుట్‌సైడర్స్’ నవల 1967లో వెలువడినప్పుడు రచయిత్రి ఎస్.ఈ. హింటన్ వయసు పద్దెనిమిదేళ్లే. పరభాషా బోధనకు ఈ సాహిత్యం ఎందుకు అవసరమో ఎనిమిదో తరగతి విద్యార్థి స్థితిని గమనిస్తే తేటపడుతుంది: అతని ఆలోచన పద్నాలుగేళ్లది, అతని ఇంగ్లిషు ఏడెనిమిదేళ్లది. చిన్నపిల్లల కథలు ఇస్తే చిన్నతనంగా ఉంటుంది, ప్రాచీన కవుల పద్యాలిస్తే కొరకరాని కొయ్య అవుతుంది. భాష సూటిగా, విషయం బరువుగా ఉండే రచన ఒక్కటే ఈ రెండింటి నడుమ ఉన్న ఖాళీని పూడ్చగలదు.

ఈ దిశగా జరిగిన ఒక ప్రయత్నాన్ని పరీక్షల వ్యవస్థ ఎలా పాడుచేసిందో గుర్తుచేసుకోవాలి. సీబీఎస్ఈ 2012-13లో పదో తరగతికి ఆన్ ఫ్రాంక్ డైరీని, హెలెన్ కెల్లర్ ఆత్మకథను దీర్ఘపఠన గ్రంథాలుగా పెట్టి, రెండింటిలో ఒకటి ఎంచుకోమంది. పదమూడో ఏట మొదలుపెట్టి పదిహేనో ఏట వరకు ఒక బాలిక రాసుకున్న డైరీ కంటే ఆ తరగతికి తగిన పుస్తకం దొరకడం కష్టం. కానీ దాని మీద మార్కులు పెట్టారు, పాత్రచిత్రణ రాయమన్నారు. మార్కులు రాగానే గైడ్లు వచ్చాయి, గైడ్లు రాగానే పుస్తకం తెరవవలసిన అవసరం తీరిపోయింది. కొన్నేళ్లకే ఆ పుస్తకాలను తొలగించారు. తొలగించవలసింది ప్రశ్నలను, తొలగించింది పుస్తకాలను.

అభ్యంతరాలు లేకపోలేదు. ఫిజీలో చదివినది ప్రాథమిక తరగతుల పిల్లలు కాబట్టి ఆ ఫలితం కౌమారులకు యథాతథంగా వర్తించదనవచ్చు. అయితే తమకు పట్టే కథ దొరికితే పిల్లలు పరభాషను కూడా చదువుతారన్న సూత్రం వయసుతో మారిపోయేది కాదు. మన పిల్లలకు నవల చదివే స్థాయి ఎక్కడుందన్నది రెండో ప్రశ్న. విద్యాస్థాయిని కొలిచే అసర్ సర్వే 2023 నివేదిక ప్రకారం 14-18 ఏళ్ల గ్రామీణ యువతలో 57.3 శాతమే ఇంగ్లిషు వాక్యాలు చదవగలిగారు, వారిలోనూ సుమారు పావువంతు మంది వాటి అర్థం చెప్పలేకపోయారు. ఈ లెక్క కథలకు వ్యతిరేకంగా కాక అనుకూలంగానే నిలుస్తుంది, ఎందుకంటే ఇది పాఠ్యపుస్తకం ఒక్కటే నమ్ముకున్న బోధన ఇచ్చిన ఫలితం. పదజాలాన్ని పరిమితం చేసి మెట్లుమెట్లుగా రాసే శ్రేణీకృత వాచకాలను బ్రిటిష్ విద్యావేత్త మైకేల్ వెస్ట్ 1920లలో ఢాకాలో బెంగాలీ విద్యార్థులను దృష్టిలో పెట్టుకునే రూపొందించాడు. మన గడ్డమీద ఎదిగిన ఉపాయాన్ని మనమే మరచిపోవడం విచారకరం.

విదేశీ కథలు మన పిల్లలకు పట్టవనే వారికి హైదరాబాద్‌లోనే జవాబుంది. అన్వేషి మహిళా పరిశోధన కేంద్రం రూపొందించిన ‘డిఫరెంట్ టేల్స్’ పుస్తకాలు 2008లో ఇంగ్లిషు, తెలుగు, మలయాళ భాషల్లో వెలువడ్డాయి. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు, జూపాక సుభద్ర వంటివారు దళిత, ముస్లిం, గ్రామీణ బాల్యాలను వాటిలో చిత్రించారు. ఒక పుటలో ఇంగ్లిషు, ఎదుటి పుటలో తెలుగు ఉండేలా పాఠ్యపుస్తకాలను కోట్ల రూపాయలతో ముద్రించగలిగిన ప్రభుత్వానికి, రెండు భాషల్లోనూ ఉన్న ఇటువంటి కథలను కొని బడులకు పంపాలన్న ఆలోచన రాకపోవడాన్ని నిర్లక్ష్యమనే చెప్పాలి.

డబ్బు లేదనే మాట కూడా నిలవదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఏఎస్ రావు నగర్‌లోని గృహయజమానులు ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చెల్లిస్తున్నారు; తమ బిడ్డ చేతికి ఆ పన్నుతో ఎన్ని కథల పుస్తకాలు వచ్చాయని అడిగే హక్కు వారందరికీ ఉంది. 2022లో వంద రోజుల పఠన కార్యక్రమం జరిపామని విద్యాశాఖ చెప్పుకోవచ్చు గాని, వంద రోజుల్లో ముగిసేది ప్రచారం. ఫిజీలో ఫలితం తొలిసారి కనిపించడానికే ఎనిమిది నెలలు పట్టింది. ప్రతి ఉన్నత పాఠశాలకు 250 కథల పుస్తకాలు, రోజుకొక పఠన పీరియడు, వాటిపై ఒక్క మార్కు కూడా ఉండదన్న లిఖితపూర్వక హామీ: ఈ మూడింటికీ ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి ప్రజల ముందు పెట్టిన తర్వాతే, మాధ్యమం గురించి మరో ఉత్తర్వు జారీ చేసే అర్హత ప్రభుత్వాలకు వస్తుంది.