ఫారాబీని మన ఇళ్లలో ఎవరు చదివారు?

జల్సాలో మైకు పట్టుకున్న ప్రతి సాహెబూ ఫారాబీ పేరెత్తుతాడు. "ముఅల్లిమె సానీ! అరిస్టాటిల్ తర్వాత దునియాకు రెండో ఉస్తాద్!" అంటాడు. మనం సుబహానల్లాహ్ అని, బిర్యానీ తిని ఇంటికొస్తాం. ఆయన కితాబ్ ఒక్కటైనా తెరిచిన ఇల్లు మీ మొహల్లాలో ఉందా?

తెరిచినవాడు ఒక యూదీ ప్రొఫెసర్, లియో స్ట్రాస్. 1899లో జర్మనీలో పుట్టాడు. 1932లో స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్లాడు. హిట్లర్ రావడంతో వతన్‌లో బతికే దారి మూసుకుపోయింది. 1938 నుంచి న్యూయార్క్‌లో, 1949 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు చికాగో యూనివర్సిటీలో రాజనీతి సిద్ధాంతం చెప్పాడు. అమెరికా కన్జర్వేటివ్ ప్రొఫెసర్లు ఎందరికో ఉస్తాద్. 1945లో ఫారాబీ మీద పెద్ద వ్యాసం రాశాడు. కర్బలాలో పుట్టిన ముహ్సిన్ మహదీ అతని షాగిర్దే. మహదీ ఫారాబీ రాతప్రతులు వెదికి అచ్చువేయించాడు, హార్వర్డ్‌లో అరబీ ప్రొఫెసరయ్యాడు.

2003లో ఇరాక్ జంగ్ వచ్చాక, దానికి అసలు గురువు స్ట్రాసే అని పత్రికలు రాశాయి. జంగ్ కోరినవాళ్లలో ఒకడైన వుల్ఫోవిట్జ్ అతని క్లాసులో కూర్చున్నమాట నిజం. కానీ స్ట్రాస్ 1973లోనే పోయాడు. హుకుం ఇచ్చినవాళ్లను వదిలి ఖబర్ మీద ఇల్జామ్ వేయడం ఇన్సాఫ్ కాదు.

అతనితో అసలు తగాదా వేరే ఉంది. ఫారాబీ దీన్ గురించి రాసిందంతా అవామ్ కోసం కప్పిన పర్దా, లోపలి మాట ఫల్సఫా అంటాడు స్ట్రాస్. భయం ఉన్నచోట రచయిత దాచి రాస్తాడన్నది నేనూ ఒప్పుకుంటాను. అయితే రాసినదాన్ని పక్కనపెట్టి, రాయనిదాన్ని గవాహీగా నిలబెడితే ఎవరి ఈమాన్‌నైనా కొట్టేయవచ్చు. ఇవాళ మన పిల్లలకు జరుగుతున్నది అదే కదా! "పైకి ఒకటి చెబుతారు, మనసులో ఇంకోటి ఉంటుంది" అనే మాట ఎన్నిసార్లు వినలేదు?

దీనికి జవాబు నినాదాలతో రాదు. అరబీ, ప్లేటో రెండూ తెలిసినవాడే ఇవ్వగలడు. మనమేమో పొలిటికల్ సైన్స్ అన్న పిల్లాడిని "నౌకరీ రాదు బేటా" అని కోచింగ్ సెంటర్‌కి తోలుతున్నాం.

ఫారాబీ రిసాలాలను హైదరాబాద్ దాయిరతుల్ మఆరిఫ్ 1920ల్లోనే అచ్చువేసింది. మన షహర్ అచ్చేసిన ఉస్తాద్‌ను చికాగో చదివింది, తనకు తోచిన మతలబూ చెప్పింది. కాదనే హఖ్ మనకు కావాలంటే ముందు చదవాలి. ఇంటికొకరు కాకపోయినా, మొహల్లాకు ఒక్క పిల్లనో పిల్లాడినో ఆ చదువుకు వదలండి.