తాటిచెట్టూ, ఎక్స్-రే బొమ్మా

పిల్లలూ, సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లలో ఉండేవారికి తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులను గురించి వేరే చెప్పనక్కరలేదు. మోకునూ, ముత్తాదునూ నమ్ముకుని అంత ఎత్తుకు పాకిపోతారు. కాలు జారిందా, పడేది గట్టినేల మీదనే. ఇలా పడి నడుములు విరిగినవారు తెలంగాణలో ఎందరో ఉన్నారు. అందుచేతనే 2024 జూలైలో ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ అనే పరికరాలు ఇవ్వటం మొదలుపెట్టింది.

అలా పడిన ఒకాయనను సిద్దిపేట పెద్దాసుపత్రికి తెచ్చారనుకోండి. డాక్టరుగారు ఎక్స్-రే తీయించారు. ఆ నలుపూ తెలుపూ బొమ్మలో ఆయన ఏం చూస్తారు? మనమూ వెనక నిలబడి చూద్దాం.

ఈ కిరణాలను 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ కనిపెట్టాడు. అవేమిటో తెలియలేదు గనుక ‘ఎక్స్’ అన్నాడు. ఆయన భార్య చేతికి తీసిన ఫోటోలో ఎముకలూ, వేలి ఉంగరమూ కనిపించాయి. ఎక్స్-రే అంటే నిజానికి నీడ. అయితే ఈ నీడ తెల్లన! కిరణాలు సులువుగా దూరిపోయిన చోటు నలుపు, ఆగిన చోటు తెలుపు. ఊపిరితిత్తుల నిండా గాలి గనుక అవి నల్లగా ఉంటాయి. ఎముకలో కాల్షియం ఉన్నది గనుక అది తెల్లగా ఉంటుంది. గుండె బొమ్మలో మన కుడిచేతివైపుకు ఒరిగి కనిపిస్తే కంగారుపడకండి. రోగి మనకు ఎదురుగా నిలబడినట్టే చూడాలి గదా!

డాక్టరుగారు మొదట పక్కటెముకలు లెక్కపెడతారు. అవి 12 జతలు. వాటిలో సన్నని పగులు ఒక్కొక్కసారి బొమ్మకు అందదు కూడా. కాని ఆయనకు అసలు భయం ఎముక గురించి కాదు. విరిగిన మొన ఊపిరితిత్తికి గుచ్చుకుంటే గాలి బయటికి వచ్చి, ఊపిరితిత్తిని నొక్కేస్తుంది. అప్పుడు అంచున సన్నని తెల్లగీత, దాని అవతల ఉత్త నలుపు కనిపిస్తాయి. మామూలుగా ఉండే రక్తనాళాల చారలు అక్కడ ఉండవు.

రక్తం చేరితే? నిలబడిన మనిషిలో అది కిందికి దిగి, పక్కమూలను తెల్లగా కప్పేస్తుంది. కాని చిక్కు చూశారా? వెన్ను విరిగిందేమో అన్న అనుమానం ఉన్నవాణ్ణి నిలబెట్టరాదు! పడుకున్నవాడిలో రక్తం వీపువైపు పల్చగా పరుచుకుంటుంది. బొమ్మలో ఒక పక్క కొంచెం మసకగా ఉంటుంది, అంతే. తొందరలో చూస్తే తప్పిపోతుంది. అందుకే రెండు పక్కలనూ పోల్చి చూస్తారు.

ఇక వెన్ను. మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు. ఎత్తునుంచి పడినవారిలో వీపూ నడుమూ కలిసేచోటే ఎక్కువగా దెబ్బతింటుంది. ఎదురుగా తీసిన బొమ్మలో పూస బాగానే ఉన్నట్టు అనిపించవచ్చు. పక్కనుంచి తీస్తే, దాని ముందుభాగం నలిగి, అది తలుపు కింద పెట్టే చెక్కముక్కలా కనిపిస్తుంది. పక్కబొమ్మ కోసం మనిషిని దొర్లించరు, యంత్రాన్నే పక్కకు తిప్పుతారు. కాళ్ల మీద పడినవాడైతే మడమలకు కూడా బొమ్మ తీస్తారు. దెబ్బ మడమనుంచి వెన్నుకు పోతుంది మరి.

అందుకే పడినవాణ్ణి కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తి ఆటోలో పడేయరాదు. 108కి ఫోను చేసి, బండి వచ్చేదాకా కదలనీయకుండా ఉంచాలి. విరిగిన పూస కదిలితే లోపలి వెన్నుపాము నలిగిపోవచ్చు.

ఇంతకీ ఆ వెన్నుపాము ఎక్స్-రేలో కనిపించదు. దానికి ఎం.ఆర్.ఐ. తీయాలి. కనుకనే డాక్టరుగారు బొమ్మ చూడకముందే అతని కాళ్ల దగ్గరకు వెళ్లి, “వేళ్లు కదిలించు, నాయనా!” అంటారు. బయట బల్లమీద ఇంటివాళ్లు కనిపెట్టుకుని ఉండేది కూడా దానికోసమే.