మూడు యూనివర్సల్ రిమోట్లు, ఒక అమ్మ

మా ఇంట్లో యూనివర్సల్ రిమోట్లు మూడు. టీవీకి, సెట్ టాప్ బాక్సుకి, సౌండ్‌బార్‌కి కలిపి ఒకటి చాలని మొదటిది కొన్నా. అందులో ఏసీ కోడ్ లేదని రెండోది. ఆ రెండూ అర్థం కాక మా ఆవిడ కొన్నది మూడోది. అసలు రిమోట్లు పారేశామా అంటే అదీ లేదు, సొరుగులో భద్రం!

తిరకాసు ఎక్కడంటే, ఇన్‌ఫ్రారెడ్ వన్‌వే. రిమోట్ చెబుతుందే గానీ వినదు. చాలా టీవీల్లో ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే కోడ్. నేను ముచ్చటపడి పెట్టుకున్న మాక్రో, టీవీ అప్పటికే ఆన్‌లో ఉంటే దాన్ని ఆపేసి బాక్సుని లేపుతుంది. స్టేట్ తెలియని ప్రోగ్రామ్ ఏం చేస్తుందో మనకి వేరే చెప్పాలా?

మొన్న ఊరి నుంచి అమ్మ వచ్చింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆపేసి ఉన్న టీవీ ముందు కూచునుంది. "ఏది నొక్కితే ఏం పాడవుతుందోనని ముట్టుకోలేదురా" అంది. పొద్దున్నుంచీ! సిగ్గేసింది.

వాజ్నియాక్ 1987లోనే ప్రోగ్రామ్ చేసుకునే రిమోట్ తెచ్చాడు. అప్పట్నుంచీ ఇవి మనలాంటివాళ్ళు మనలాంటివాళ్ళ కోసం చేసుకుంటున్న బొమ్మలే అనిపిస్తుంది. పెట్టినవాడికి తప్ప ఇంట్లో ఇంకెవరికీ పనికిరానిది యూనివర్సల్ ఎలా అవుతుంది?

సొరుగులోంచి పాతవి తీసి, బ్యాటరీలు వేసి అమ్మకిచ్చా. రెండు రిమోట్లు, రెండు నొక్కులు. సీరియల్ టైముకే మొదలైంది.